తండ్రిని కప్పిన వస్త్రము

ధ్యాన భాగము: ఆదికాండము 9:20–23



ముసలితనమునుగూర్చి మనము ఎన్నియో మాటలాడుకొందుము గాని, ఒక సంగతి మాత్రము ఎవరును నోటికి తేరు. మతి తప్పిన తల్లియో తండ్రియో పక్క తడిపినప్పుడు, కట్టుబట్టలోనే దొడ్డికి పోయినప్పుడు, ఇంటివారు తలుపు మూసికొందురు. ఆరాధనలో ప్రార్థన మనవులు అడిగినప్పుడు "మా అమ్మకు ఒంట్లో బాగుండలేదు" అని మాత్రమే చెప్పుదురు. ఈ నెల ఆ మూసిన తలుపునొద్ద కొంతసేపు నిలిచి ఆలోచింతము. దేవుని వాక్యము ఆ గదిలోనికిని రాగలదు.

ఒక సహోదరుడు మమ్మును ఇట్లడిగెను: "అయ్యగారూ, మా నాయనకు నేనెవరో తెలియదు. తడిగుడ్డ ఇప్పుడు మార్చినా, గంట పోయాక మార్చినా ఆయనకు గుర్తుండదు. ఇంక నేను ఆయన్ని గౌరవించడమంటే ఏమిటండి?" ఈ ప్రశ్న కఠినముగా వినబడును గాని, అది అలసిపోయినవాని ప్రశ్న. దానికి మనము ఉత్తరమియ్యవలెను. తనకు జరుగునది ఎరుగని వానికి చేసిన గౌరవము గౌరవమేనా?

నోవహు సంగతి చూడుడి. ఆయన మత్తుచే ఒడలు తెలియక, బట్ట తొలగి, గుడారమున పడియుండెను. హాము చూచి, వెలుపలికి పోయి తోబుట్టువులతో చెప్పెను. షేమును యాపెతును ఒక బట్టను ఇద్దరి భుజములమీద వేసికొని, వెనుకకు అడుగులు వేయుచు పోయి, తండ్రివైపు చూడకయే ఆయనను కప్పిరి. ఆ గడియలో నోవహునకు ఏమియు తెలియదు. కప్పినవాడెవడో, బయట చెప్పినవాడెవడో ఎరుగడు. అయినను పరిశుద్ధ గ్రంథము ఆ పనిని వ్రాసి యుంచినది. మెలకువగా నున్న తండ్రియెదుట చేతులు కట్టుకొని నిలుచుట సులువు; అందు మెప్పు కలదు, ఆస్తిమీద ఆశయు ఉండవచ్చును. ఎరుగని తండ్రికి చేయునదే మన గౌరవము నిజమైనదో కాదో తేల్చును.

ఇంకొక మాట కలదు. మతి పోయినవారికి సిగ్గు కూడ పోయినదని మనము తలంతుము. అది పొరపాటు. కన్నకొడుకు పేరు మరచిన తల్లి తడిసిన చీరను మంచము క్రింద దాచుట మేము చూచితిమి. పేర్లు పోయిన తరువాతను సిగ్గు చాలకాలము నిలిచియుండును. కనుక గంటసేపు తడిలో ఉంచినయెడల, ఆ గంట తరువాత ఆమెకు గుర్తుండకపోవచ్చును గాని, ఆ గంట మాత్రము ఆమె పడవలసినదే.

ఇది దయ్యము కాదు, మొండితనము కాదు, ఎవరి పాపమునకు శిక్షయు కాదు. ఇది మెదడునకు వచ్చు వ్యాధి. ఆల్జీమర్ అను జర్మను వైద్యుడు 1906లో ఇట్టి రోగిని ఒకామెనుగూర్చి తోటి వైద్యులకు వివరించెను. ఈ జాతి వ్యాధులలో ఎక్కువగా కనబడుదానికి ఆయన పేరే పెట్టిరి. దానిని పూర్తిగా మాన్పు మందు నేటికిని లేదు. రోగికి మూత్రము వచ్చుచున్న సంగతి మెదడు సమయమునకు తెలుపదు. తెలిపినను మరుగుదొడ్డి ఎటువైపున్నదో తోచదు. అక్కడికి చేరినను బట్ట విప్పుట చేతకాదు. అట్టివారిని గద్దించుట, కుంటివానిని పరుగెత్తలేదని కొట్టుటవంటిది.

అయితే ఇక్కడ ఒక చిక్కు కలదు. నోవహు కుమారులు చూడకుండ కప్పిరి. శుభ్రము చేయువారు చూడకుండ చేయలేరు కదా? మేమును ఈ చిక్కులో పడినవారమే. మా తల్లి చివరి సంవత్సరములలో ఆ పని యంతయు మా ఇల్లాలే చేసెను. "కొడుకు తల్లిని అట్లు చూడరాదు" అని మేము బయట అరుగుమీద ప్రసంగము వ్రాసికొనుచుండెడివారము. అది మర్యాదయని మమ్మును మేమే నమ్మించుకొంటిమి. ఒక రాత్రి మా ఇల్లాలికి జ్వరము వచ్చి లేవలేకపోయెను. మేము గోరువెచ్చని నీళ్లు తెచ్చి, మా తల్లిమీద దుప్పటి కప్పి, దాని క్రిందనే తుడిచి బట్ట మార్చితిమి. ఆమె మమ్మును గుర్తుపట్టక, "ఎవరి బిడ్డవయ్యా నువ్వు? మీ అమ్మ చల్లగా ఉండాలి" అనెను. ఐదవ ఆజ్ఞమీద మేము చేసిన ప్రసంగములన్నియు ఆ మాటయెదుట నిలువలేదు.

ఆ రాత్రి మేము నేర్చుకొనినది ఇది: కండ్లు మూసికొనుటవలన గౌరవము కలుగదు, కప్పుటవలన కలుగును. కప్పు మార్గములు అనేకములు కలవు. లేచిన వెంటనే, భోజనమైన వెంటనే, పగలు రెండు గంటలకొకసారి, అడుగకముందే మెల్లగా తీసికొనిపోవుట ఒక కప్పు. బట్ట లాగుకొనుచు, ఊరక లేచి తిరుగుచున్నయెడల అది వారి అడుగుటయని గ్రహించుట ఒక కప్పు. దొడ్డి పెరటి చివరనున్నచో మంచము ప్రక్కన కమోడ్ కుర్చీ వేయుట, రాత్రి దీపము ఉంచుట, ముడులు లేని వదులు బట్టలు కట్టుట, పరుపుమీద రబ్బరు షీటు, దానిపై పాత నూలు చీర మడిచి వేయుట, ఇవియు కప్పులే. డైపర్ వాడినచో తడిసిన వెంటనే మార్చి, కడిగి, ఆరనిచ్చి, వేసలిను రాయవలెను. లేనియెడల చర్మము ఒరసి పుండు పడును. పక్క తడుపుదురని నీళ్లు మాన్పించరాదు. నీరు తగ్గినచో మలబద్ధమును, మూత్రమునకు సంబంధించిన రోగమును వచ్చి మతి మరింత చెదరును. సాయంకాలము తరువాత టీ, కాఫీ తగ్గించిన చాలును. ఉన్నట్టుండి ఎక్కువైనచో వైద్యునికి చూపవలెను. ఏలయనగా దానికి మందు ఉండవచ్చును. తడిసినప్పుడు "అయ్యో, నీళ్లు ఒలికినవి, మార్చుకొందము" అనుట అన్నిటికంటె చక్కని కప్పు.

ఆ వస్త్రము ఎన్ని భుజములమీద నుండెనో మరల చూడుడి. రెండు. నోవహు కోడండ్రును ఆ ఓడనుండి దిగినవారే. అయినను ఆ బట్టను మోసినది కుమారులు. మన ఇండ్లలో ఈ పని యంతయు ఒక కోడలిమీదనో, పుట్టింటికి వచ్చిన ఒక కూతురిమీదనో వేసి, కుమారులు గుడిలో సాక్ష్యము చెప్పుచున్నారు. రాత్రి ఒకసారైనను లేచి ఆ గుడ్డలు ఉదుకని కుమారుడు, "మా అమ్మను బాగా చూచుకొనుచున్నాము" అనుటకు ముందు ఆలోచించుకొనవలెను. 2007లో మన దేశమున తల్లిదండ్రుల పోషణకై చట్టము వచ్చినది. అది నెలకింత యని భరణము ఇప్పించగలదు గాని, తడిగుడ్డ మార్చు చేతిని ఇప్పించలేదు.

హాము తప్పు చూచుటలో కంటె వెలుపల చెప్పుటలో నున్నది. బోరింగునొద్ద అత్తగారి అవస్థను కథగా చెప్పువారు దానిని జ్ఞాపకముంచుకొనవలెను. అయితే వైద్యునితోను, అక్కచెల్లెండ్రతోను, పాస్టరుగారితోను "మాకు సహాయము కావలెను" అని చెప్పుట ఆ తప్పులో చేరదు. షేము ఒంటరిగా పోలేదు గదా.

చివరగా, అసహ్యము కలుగుచున్నదని కొందరు కన్నీళ్లతో మాతో ఒప్పుకొనిరి. అసహ్యము ముక్కునకు కలుగునది. అది పాపము కాదు. విసిగి కేకవేసినయెడల, క్షమాపణ అడిగి మరల లేవవలెను. ఆమెకు గుర్తుండదని అడుగుట మానవద్దు. అలసినవారు ఒక పూట మరియొకరికి అప్పగించి నిద్రపోవుటయు తప్పు కాదు.

నోవహు మేలుకొని జరిగినదంతయు తెలిసికొనెను. మన పెద్దలలో కొందరు ఈ లోకమున ఇక అట్లు మేలుకొనరు. ప్రభువు మృతులను లేపు దినమున వారు మేలుకొందురు. ఆ దినమున వారి ముఖము ధైర్యముగా చూచునట్లు, నేటి రాత్రి లేచి వారిని కప్పుటకు ఆయన మనకు కృప దయచేయును గాక. ఆమేన్.