బిడ్డ కొలతకు విందు



కోలారు బంగారు గనులు 2001 ఫిబ్రవరి 28న మూతపడినది మొదలు అక్కడి మనవారిలో అనేకులు తెల్లవారకముందే రైలెక్కి బెంగళూరుకు పనికి పోయి, రాత్రికి ఇల్లు చేరుచున్నారు. అట్టి సహోదరుడొకడు మాయొద్దకు వచ్చి, "అయ్యగారూ, పాపకు తొమ్మిదేళ్లు నిండుతున్నాయి. తోటి పిల్లలకు హాలులో చేస్తున్నారు. ఫైనాన్సులో 20,000 తీసుకుంటున్నాను, ప్రార్థించండి" అనెను. "పాప అడిగిందా?" అంటిమి. అతడు కొంతసేపు ఊరకుండి, "చేయకపోతే నలుగురూ ఏమనుకుంటారండీ?" అనెను.

ప్రియులారా, జన్మదిన విందు చేసిన హేరోదును జ్ఞాపకము చేసికొనుడి (మార్కు 6:21-28). యోహానును చంపించుటకు అతనికి మనస్సు లేదు. మిగుల దుఃఖపడెను. అయినను తన ఒట్టు నిమిత్తమును, కూర్చున్న అతిథుల నిమిత్తమును మాట తప్పలేకపోయెను. మనము హేరోదులము కాము. కాని నలుగురికి జడిసి, మనస్సు ఒప్పని పని చేయుట మనకును తెలిసినదే. ఒక్క సాయంత్రపు విందుకు సంవత్సరమంతయు వాయిదాలు కట్టునది ఆ నలుగురు కారు; ఆ బిడ్డ పాలు, ఆ బిడ్డ ఫీజు కట్టును.

హన్నాను చూడుడి (1 సమూయేలు 2:19). ఏటేట చిన్న అంగీ ఒకటి కుట్టి, షిలోహులోనున్న సమూయేలుకు తీసికొనిపోయెడిది. బిడ్డ ఏటికేడు ఎదుగుచుండగా నిరుటి కొలత ఈ యేటికి చాలదు గదా! ఆమె చూచినది ఊరివారి కన్ను కాదు, బిడ్డ కొలత.

గనుక ఆ సహోదరునితో, "ముందు పాపనే అడుగుము" అంటిమి. అతడు అడిగెను. ఆమె కోరినది హాలు కాదు. "నా ఫ్రెండ్సు వచ్చినప్పుడు నువ్వు ఇంట్లో ఉండు నాన్నా" అనెనట. ఆ మాట చెప్పుచు అతడు మాయెదుట కన్నీరు విడిచెను.

పుట్టినరోజు గురువారము వచ్చినను, తండ్రి ఇంటనుండు ఆదివారము సాయంత్రము 4 నుండి 6 వరకు పెట్టుకొనిరి. 2,000 దాటరాదని ముందే లెక్క వ్రాసికొనిరి. పాప తన చేతితో పది చీటీలు వ్రాసి, బహుమానములు తేవద్దని అడుగున చేర్చెను. అరకిలో కేకు కొనిరి. పులిహోర, కేసరి, నిమ్మరసము తల్లి ఇంటనే చేసెను. వాకిట తొక్కుడుబిల్ల, కుర్చీలాట, తండ్రి అడిగిన బైబిలు ప్రశ్నలు. పోవునప్పుడు పిల్లకొక పెన్సిలు. తిరిగి పిలువలేనివారిని పిలువుమని ప్రభువు చెప్పెను గనుక (లూకా 14:12-14), ఎవరి విందుకును పిలుపు రాని పక్కింటి పనిమనిషి కుమార్తెయు ఆ పదిమందిలో ఉండెను. అప్పు చేయలేదు. నలుగురు ఏమనుకొనిరో వారు అడుగలేదు.

ప్రియ తల్లిదండ్రులారా, మీ బిడ్డ పుట్టినరోజు దగ్గరపడినప్పుడు మొదట కృతజ్ఞతాస్తుతి చెల్లించుడి, తరువాత బిడ్డనడుగుడి, ఆ తరువాతనే డబ్బు లెక్క చూడుడి. చిన్న అంగీయైనను కొలతకు సరిపోయినయెడల అదే పండుగ వస్త్రము. ప్రభువు మన బిడ్డలను జ్ఞానమందును వయస్సునందును వర్ధిల్లజేయును గాక. ఆమేన్.