చీమ పటము – ఒక ధర్మసందేహము

బెంగుళూరులో హోసూరు, సర్జాపుర రోడ్ల నడుమ హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్ కలదు. దాని అంచున అగర చెరువు. ఉదయపు నడకకు వచ్చువారిలో చీమలబారును చూచి ప్రక్కకు తప్పుకొనువారు కలరు. వంగి ఫోనుతో దాని పటము తీయువారును కలరు. మొదటివారిది దయ, రెండవవారిది వట్టి వినోదము అనవచ్చునా?

జైనశాస్త్రము చీమను మూడింద్రియముల ప్రాణిగను, ఈగను నాలుగింద్రియముల ప్రాణిగను ఎంచినది. నిదానించి చూడనిదే ఇట్టి విభజన కుదరదు. ఎరుగని ప్రాణిని కాపాడుట ఎట్లు? కావున శ్రద్ధగా చూచుటయు దయలో భాగమే.

అసలు చిక్కు ఇక మీదట. మిల్లీమీటరైన లేని కందిరీగలు కలవు. బ్రతికియున్న పురుగు పటముతో అట్టివాని జాతి తేలుట అరుదు. చచ్చిన నమూనాను సన్నని అట్టముక్కకు అంటించి, సూక్ష్మదర్శిని క్రింద పెక్కు పటములు తీసి, కంప్యూటరులో ఒక్కటిగా కలిపినగాని కాలిమీది రోమము స్పష్టపడదు. అమెరికాలో కాలిఫోర్నియా సైన్సు అకాడమీవారు 2002లో ప్రారంభించిన యాంట్‌వెబ్ అను చీమల చిత్రకోశమున ముఖము, ప్రక్క, పైభాగము పటములతోపాటు, అది దొరికిన చోటును తేదీని తెలుపు చీటీకిని పటముండును.

ఇట్టి ఎరుకవలన మేలు కలదు. 2008లో కోయంబత్తూరు ప్రాంతమున బొప్పాయి పిండినల్లి కనబడి తోటలను పాడుచేసినది. 2010లో బెంగుళూరు హెబ్బాళలోని కేంద్ర ప్రభుత్వ కీటకసంస్థ ప్యూర్టోరికోనుండి దాని శత్రువులైన చిన్న కందిరీగలను రప్పించి విడువగా తెగులు అణగినది. పురుగుజాతి సరిగా తెలియకున్న ఇది సాగదు, మిగులునది విషమందు. అది తేనెటీగను, పిండినల్లిని ఒక్కటిగనే చంపును.

అయినను లెక్క తప్పరాదు. గృహస్థుని అహింసాణువ్రతము కదలు ప్రాణిని సంకల్పించి చంపరాదనును. సేద్యమున, వర్తకమున అనివార్యముగ జరుగు హింస వేరు. నమూనాకై చంపుట సంకల్పమే. లాభము వచ్చినదని ఖర్చు పద్దును కొట్టివేయు వర్తకుడు కలడా? శాస్త్రము పేరు చెప్పినను ఆ ప్రాణము ఖర్చు వైపుననే ఉండును.

మరి కీటకశాస్త్రము చదువగోరు జైన యువకునికి దారి లేదా? కలదు. మ్యూజియముల బీరువాలలో ఏనాడో చచ్చిన పురుగులు లక్షలు పడియున్నవి. పెక్కింటికి నేటికిని పటము లేదు. వానికి పటము తీయుటలో క్రొత్తగ ఒక ప్రాణమైన పోదు. ఆ పటమును ఎల్లరకు ఉచితముగ తెరచియుంచిన, జాతిని పోల్చుకొనుటకై మరియొకచోట మరల చంపు పని కొంత తగ్గును. దాచియుంచిన ఆ మేలు లేదు. ఇక బ్రతికియున్నదానిని కదలకుండ నిలుపుటకు చలిపెట్టెలో ఉంచి అందమైన పటము తీయువారును కలరు. అది జ్ఞానమునకు గాదు, మెప్పునకు.

పటము తీయుటలో దోషము లేదు. దానికై ఏమి చెల్లించితిమి, ఎవరి ప్రాణముతో చెల్లించితిమి అని అడుగకుండుటలోనే దోషము కలదు.