పరిశోధన ఎవరికి బాకీ?

ప్రజల డబ్బుతో నడిచే విశ్వవిద్యాలయాలు తమ పరిశోధనా విధానాన్ని దేనికది నిర్ణయించుకోవచ్చునా, లేక కలిసి కూర్చుని నిర్ణయించుకోవలసిన బాధ్యత వాటికి వున్నదా? చాలామంది దీన్ని పరిపాలనకు సంబంధించిన విషయంగా భావిస్తారు. నాకు మాత్రం ఇది ముందుగా నీతికి సంబంధించిన ప్రశ్నగా తోస్తున్నది. నిధులు ఎట్లా పంచుకోవాలి, సంఘాలలో ఎవరుండాలి అన్నవి తరువాతి సంగతులు. శాస్త్రజ్ఞుడు ఎవరి ప్రశ్నకు సమాధానం వెదుకుతున్నాడు, ఎవరికి జవాబు చెప్పుకోవాలి అన్నదే మొదటి సంగతి.

ఈ ప్రశ్నను గాలిలో చర్చించి లాభం లేదు. కర్నూలు జిల్లా పడమటి తాలూకాలలో, ఆదోని, ఎమ్మిగనూరు నేల మీద దాన్ని నిలబెట్టి చూద్దాం.

ఇక్కడ బతుకంతా పత్తి చుట్టూ తిరుగుతుంది. ఆదోనిలో పత్తి మార్కెట్టు, జిన్నింగు మిల్లులు. ఎమ్మిగనూరులో మగ్గాలు, 1938లో మాచాని సోమప్పగారు నెలకొల్పిన నేతపనివారల సహకార సంఘం. నల్లరేగడి మంచిదే గాని వానను నమ్మడానికి లేదు. 1953 అక్టోబరులో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడేదాకా ఆదోని తాలూకా బళ్ళారి జిల్లాలోనిది. ఈ నేలలో పండే పత్తిని వ్యాపారులు వెస్టర్న్స్ అనేవారు. దాని మీద పని చేసిన ప్రభుత్వ క్షేత్రం బళ్ళారి దగ్గర హగరిలో వున్నది. తాలూకా ఇటు వచ్చింది, క్షేత్రం అటు వుండిపోయింది. నేల మాత్రం మారలేదు, పురుగు సరిహద్దు నేర్చుకోలేదు.

ఈనాడు హగరి క్షేత్రం 2009లో ఏర్పడిన రాయచూరు వ్యవసాయ విశ్వవిద్యాలయం కింద వున్నది. 1906 నాటి నంద్యాల క్షేత్రమూ, ఎమ్మిగనూరు పక్కనే వున్న బనవాసి కృషి విజ్ఞాన కేంద్రమూ గుంటూరు లాం కేంద్రంగా నడిచే రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయానివి. అనంతపురంలో 1981 నుంచి శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం, కర్నూలులో 2008 నుంచి రాయలసీమ విశ్వవిద్యాలయం, బళ్ళారిలో 2010 నుంచి విజయనగర శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం. సరిహద్దుకు అటూ ఇటూ ఒకే రాజు పేరు పెట్టుకున్నారు. ఒకే ప్రశ్నను పెట్టుకోవడం అంతకంటే కష్టమా?

రైతు కష్టం శాఖలుగా విడిపోయి రాదు. విత్తనం, వాన, ధర, వడ్డీ, తుంగభద్ర దిగువ కాలువలో కర్ణాటక పొలాలు దాటి రావలసిన నీరు - ఇవన్నీ ఒకే ఇంటి మీద ఒకే ఏడు పడతాయి. అన్నీ కలిసివచ్చిన ఏడు కుటుంబం ఇంటికి తాళం వేసి, పిల్లలను వెంటబెట్టుకొని గుంటూరు వైపు మిరపకోతల సుగ్గికి పోతుంది. విత్తనం ఒక విశ్వవిద్యాలయానిది, వలస మరొకదానిది, కాలువ ఇంకొకరిది అని మనం పంచుకున్నాం. గుడ్డివాళ్ళు ఏనుగును తడిమినట్టు ఎవరికి చిక్కిన అవయవం మీద వారు సిద్ధాంతవ్యాసం సమర్పిస్తున్నారు. చిత్రమేమంటే, ఆదోని కూలీ మిరప కోయడానికి పోయే గుంటూరులోనే, అతని పొలానికి విత్తనం చూడవలసిన విశ్వవిద్యాలయపు ప్రధాన కార్యాలయం వున్నది. అతను అక్కడిదాకా పోతున్నాడు గాని అతని ప్రశ్న పోవడం లేదు.

సహకారమే ఎరగమని అనడం అన్యాయం. 1967లో మొదలైన అఖిల భారత పత్తి సమన్వయ పథకం వ్యవసాయ విశ్వవిద్యాలయాలను ఒక తాటి మీదికి తెచ్చింది. ఐతే సహకారమంతా ఒక రకానిది కాదు. 2002లో బీటీ పత్తికి అనుమతి వచ్చిన తరువాత రైతు ఏటేటా కొనవలసిన సంకర విత్తనమే రాజ్యమేలింది. రైతు దాచుకొని మళ్ళీ చల్లుకోగల బీటీ రకాన్ని ప్రభుత్వ సంస్థలే, ధార్వాడ వ్యవసాయ విశ్వవిద్యాలయంతో సహా, కలిసి తయారుచేశాయి. బికనేరీ నర్మా అనే ఆ విత్తనం 2009లో రైతులకు అందింది. అందులో మాన్‌శాంటో జన్యువు వున్నదని తేలడంతో ఉపసంహరించుకోవలసి వచ్చింది. నా దృష్టిలో ఇందులోని పాఠం స్పష్టం. పేర్లు కలపడం వేరు, ప్రయోగశాల తలుపులు ఒకరికొకరు తెరవడం వేరు.

ఇప్పుడు 2023 చట్టంతో ఏర్పడిన జాతీయ పరిశోధనా ప్రతిష్ఠానం పెద్ద సంస్థను నడుమ పెట్టి, రాష్ట్ర విశ్వవిద్యాలయాలను దాని చుట్టూ చక్రపు ఆకుల్లాగ అమర్చే పథకం తెచ్చింది. కలిసి పనిచేయడం మంచిదే. కాని నడిమి కుండ ఎవరన్నది జాతీయ ర్యాంకుల వరుసను బట్టి తేలుతుంది. బండిచక్రంలో కుండా, ఆకులూ నేలను తాకవు. నేలను తాకేది పట్టా. రాళ్ళ దెబ్బ తినేదీ, అరిగేదీ అదే. ఈ చక్రంలో ఆదోని రైతూ, ఎమ్మిగనూరు నేతగాడూ ఎక్కడున్నారు?

ఇక్కడ ఒక ఆక్షేపణ వస్తుంది. ఉమ్మడి విధానమంటే పరిశోధకుని స్వేచ్ఛ పోదా? ఈ ఆక్షేపణను తేలికగా కొట్టివేయడానికి వీల్లేదు. ముఖ్యంగా అభ్యుదయవాదులమని చెప్పుకునే మనం కొట్టివేయకూడదు. ప్రజల పేరు మీదనే సోవియట్ దేశంలో 1948లో లైసెంకో వాదాన్ని ఏకైక సత్యంగా శాసించారు. ప్రపంచమంతటా తిరిగి విత్తనాలు సేకరించిన వవిలోవ్ అంతకు అయిదేళ్ళ ముందే చెరసాలలో మరణించాడు. నష్టపోయింది శాస్త్రమూ, రైతూ కూడా. అక్కడ జరిగిన దారుణం ప్రశ్నను ఉమ్మడిగా పెట్టడంలో లేదు, సమాధానాన్ని ముందే శాసించడంలో వున్నది. ప్రశ్న ఉమ్మడిది కావాలి, సమాధానం స్వేచ్ఛగా వుండాలి. స్వేచ్ఛ పేరుతో ప్రశ్నను గాలికి వదలితే నిధులిచ్చేవాడు దాన్ని పట్టుకుపోతాడు. అదీ ఒక శాసనమే, కాకపోతే సంతకం కనపడదు.

కనుక నేను కోరేది పెద్ద భవనమూ కాదు, కొత్త పదవీ కాదు. ఈ అయిదు విశ్వవిద్యాలయాలూ రాష్ట్రాల గీతను పక్కకు పెట్టి ఏడాదికొకసారి ఆదోని మార్కెట్టు యార్డులోనో, ఎమ్మిగనూరు నేత సంఘంలోనో కూర్చోవాలి. ఏ ప్రశ్న మీద పని చేయాలో అక్కడివాళ్ళ ఎదుట తేల్చుకోవాలి. ఫలించిన ప్రయోగంతోపాటు విఫలమైనదాన్ని కూడా తెలుగులోనూ కన్నడంలోనూ ప్రకటించాలి. ఎందుకంటే విఫలమైన సంగతి దాచిపెడితే ఆ నష్టాన్ని మళ్ళీ రైతే తన పొలంలో అనుభవించి తెలుసుకోవలసి వస్తుంది.

రైతు బాకీ షావుకారు పుస్తకంలో ఎక్కుతుంది. వడ్డీతో సహా వసూలవుతుంది. రైతుకు విశ్వవిద్యాలయం పడ్డ బాకీ ఏ పుస్తకంలోనూ ఎక్కడం లేదు. దాన్ని రాసిపెట్టే పుస్తకం ఒకటి తెరవడమే ఉమ్మడి పరిశోధనా విధానానికి మొదటి పని.