సుఖవ్యాధి – ఎవరి సుఖం?

నడుము చుట్టూ సర్పి లేచిందంటే అయ్యో పాపం అంటాం. తలా ఒక పూత చెబుతాం. ఎవరి దగ్గర తెచ్చుకున్నావని అడగం. అలాంటి నీటిపొక్కులే మర్మాంగాల దగ్గర లేస్తే మాత్రం గొంతులు తగ్గిపోతాయి. అది హెర్పిస్. మన వాడుకలో 'సుఖవ్యాధి'.

వైద్యం దృష్టిలో ఈ రెండూ దగ్గరి చుట్టాలు. చిన్నప్పటి ఆటలమ్మ వైరస్ నరాల మూలాల్లో దాక్కుని ఏళ్ల తర్వాత సర్పిగా లేస్తుంది. అదే కుటుంబానికి చెందిన హెర్పిస్ వైరస్ కూడా నరాల్లోనే దాక్కుని మళ్ళీ మళ్ళీ వస్తుంది. రెండింటికీ ఎసైక్లోవిర్ మందే వాడతారు. సర్పికి మోతాదు ఎక్కువ, 72 గంటల్లోగా మొదలుపెట్టాలి. ఈ మందు ప్రధానంగా వైరస్ చేరిన కణంలోనే పనిచేస్తుంది. దీని వెనుక ఉన్న శాస్త్రవేత్తల్లో ముఖ్యురాలు గెర్ట్రూడ్ ఎలియన్. ఆడదన్న కారణంగా మొదట్లో ప్రయోగశాలల్లో ఉద్యోగం దొరకని ఆమెకి 1988లో నోబెల్ వచ్చింది. వైరస్ ఎక్కడుందన్నదే మందుకి కావాలి. మనిషి శీలంతో దానికి పనిలేదు.

శీలం లెక్కలన్నీ మనవే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016 అంచనా ప్రకారం హెర్పిస్ రెండో రకం వైరస్ ఉన్న స్త్రీలు 31 కోట్లకు పైనే, పురుషులు సుమారు 18 కోట్లు. శరీర నిర్మాణం వల్ల మగవాళ్ళ నుంచి ఆడవాళ్ళకే ఇది తేలిగ్గా సోకుతుంది. భర్త తప్ప మరొకరిని ఎరుగని స్త్రీకి వస్తే, ఆ 'సుఖం' ఎవరిది?

ఒకటి నిజం. ఈ వైరస్ ఏ లక్షణమూ లేకుండా ఏళ్ల తరబడి ఉండగలదు. ఎప్పుడు, ఎవరి నుంచి వచ్చిందో తరచూ తేలదు. కాబట్టి ఇది ఎవరి తప్పుకీ సాక్ష్యం కాదు, భర్త తప్పుకైనా సరే. కానీ ఆ సంశయలాభం ఇంట్లో ఎవరికి దక్కుతోంది? ఆయన గతాన్ని ఎవరూ తవ్వరు. ఆమె నడవడినే తవ్వుతారు.

సిగ్గనేది లేకపోతే మనుషులు అదుపు తప్పుతారని వాదించేవాళ్ళున్నారు. ఇక్కడున్న నీతి నిజానికి చిన్నది: భాగస్వామికి చెప్పడం, సోకకుండా చూసుకోవడం. రోజూ వాలాసైక్లోవిర్ వేసుకుంటే భాగస్వామికి సోకే అవకాశం దాదాపు సగం తగ్గుతుందని 2004లో తేలింది. కండోమ్ కూడా సాయపడుతుంది. ఇవన్నీ జరగాలంటే ముందు నోరు తెరవాలి. నోరు నొక్కేది ఆ సిగ్గే. అంటే నీతిని కాపాడుతుందనుకున్న సిగ్గు కాపాడుతున్నది వైరస్‌ని!

మందు వైరస్‌ని పూర్తిగా తుడిచెయ్యలేదు, అణచి ఉంచుతుంది. అవమానం మాత్రం మనం పెట్టిందే. మనమే తీసెయ్యొచ్చు. సర్పి వచ్చిన మనిషితో మాట్లాడినట్టే ఆమెతోనూ మాట్లాడితే చాలు. భర్తనీ డాక్టరు దగ్గరికి రమ్మంటే చాలు.