ఐదు వందల నిమిషాలు

రాత్రి తొమ్మిదిన్నరకు డల్లాస్ నుంచి క్లయింటు అడిగాడు, ఈ రిలీజ్‌కి మీలో క్వార్టర్‌బ్యాక్ ఎవరని. మాదాపూర్‌లో ఏడో అంతస్తు మీటింగ్ రూములో ఆరుగురం ఉన్నాం. ఆరుగురమూ అర్థమైనట్టే తలూపాం. పక్క కుర్చీలో కుర్రాడు మ్యూట్ నొక్కి, "అన్నా, అంటే వికెట్ కీపర్ లాంటోడా?" అన్నాడు. నాకూ తెలియదు. "కెప్టెన్ అనుకోరా, ముందు కాల్ కానీ" అన్నాను.

ఇంటికొచ్చాక ఫోన్‌లో చూశాను. అమెరికా వాళ్ల ఫుట్‌బాల్‌లో కాలికి పెద్దగా పని లేదు. బంతి ముందు క్వార్టర్‌బ్యాక్ చేతికొస్తుంది. దున్నపోతుల్లాంటి మనుషులు మీద పడేందుకు ఉరుకుతుంటారు. ఆ మూడు నాలుగు సెకన్లలోనే బంతిని దూరంగా విసరాలా, పక్కవాడికి అందించాలా, తనే పట్టుకుని పరిగెత్తాలా తేల్చుకోవాలి. ఒక వీడియో ఇంకోదాన్ని పట్టుకొస్తే చివరికి కెన్ స్టేబ్లర్ దగ్గర ఆగాను. ఓక్లాండ్ రైడర్స్ జట్టు, ఎడమచేతివాటం, గడ్డం, జులపాలు, ముద్దుపేరు స్నేక్. 1977 జనవరిలో జట్టుకు సూపర్ బౌల్ గెలిపించాడు. ఆట ఎంత ఆడాడో రాత్రిళ్లు అంత తిరిగాడనీ, తెల్లారి మైదానంలోకి దిగితే మాత్రం చెయ్యి వణికేది కాదనీ అతని గురించి అక్కడ కథలు కథలుగా చెప్పుకుంటారట.

ఒంటిగంటకు ఫోన్ పక్కన పెట్టాక తట్టింది, ఇలాంటి మనిషి గురించి నేను చిన్నప్పట్నుంచీ వింటూనే ఉన్నానని. క్రికెటర్ ఎం.ఎల్. జయసింహ. సికింద్రాబాద్ వాళ్లకు జై.

నాన్న ఫతే మైదాన్‌లో జై ఆట చూశాడు. ఆ రోజు ఎన్ని పరుగులు కొట్టాడంటే గుర్తుండదు. పెవిలియన్ మెట్లు దిగి క్రీజు దాకా ఎలా వచ్చేవాడో మాత్రం కుర్చీలోంచి లేచి మరీ నడిచి చూపిస్తాడు. మెడలో సిల్కు రుమాలు, పైకెత్తిన కాలరు. "ఆ నడకకే టికెట్ పైసలు వసూల్" అనేది నాన్న మాట. మన భాషలో కాలరెగరేయడమంటే గొప్పలు పోవడం. జై కాలరు ఎగిరే ఉండేది, అయినా గొప్పలు పోయాడని నాన్న నోట ఏనాడూ వినలేదు. ఆ తరవాత అజహరుద్దీన్ కాలరెత్తుకునే ఆడాడు. అది ఎక్కడి నుంచి వచ్చిందో సికింద్రాబాద్‌లో ఏ పెద్దాయన్ని అడిగినా చెబుతాడు. బొంబాయిలో పెరిగిన గవాస్కర్ కూడా తన కొడుక్కి రోహన్ జైవిశ్వ అని పేరు పెట్టాడు. రోహన్ కన్హాయ్‌లోంచి రోహన్, విశ్వనాథ్‌లోంచి విశ్వ. నడిమధ్య ఉన్న జై మనవాడు.

ఇంతవరకూ విన్నవాళ్లెవరైనా జై అంటే మొదటి బంతి నుంచే బాదేవాడనుకుంటారు. నేనూ అలాగే అనుకునేవాణ్ణి. స్కోర్లు తిరగేస్తే కథ అడ్డం తిరిగింది. 1960 డిసెంబరు, కాన్పూర్, ఎదుట పాకిస్తాన్. జై 500 నిమిషాలు ఆడి 99 పరుగులు చేశాడు. ఆ ఒక్క పరుగూ దక్కలేదు, రనౌటయ్యాడు. అదే ఏడాది జనవరిలో కలకత్తాలో ఆస్ట్రేలియా మీద ఐదు రోజులూ ఏదో ఒక సమయంలో బ్యాటు పట్టుకుని కనిపించాడు. టెస్టు క్రికెట్‌లో అలా ఐదు రోజులూ బ్యాటింగ్ చేసిన మొదటి మనిషి అతనే. మొదటి ఇన్నింగ్స్‌లో 20 నాటౌట్, రెండోసారి 74. నాలుగో రోజంతా నిలబడి తీసింది 59 పరుగులు. ఈ కాలంలో అలా ఆడితే గ్యాలరీ సంగతి అటుంచండి, ఇంట్లోవాళ్లే చానల్ మారుస్తారు.

నన్ను నిద్రపోనివ్వనిది ఇదే. అంత స్వేచ్ఛగా బతికాడని పేరున్న మనిషి, కొట్టగలిగిన బంతుల్ని గంటల తరబడి ఎందుకు వదిలేశాడు? జట్టుకు అవసరమై ఉంటుంది, కెప్టెన్ చెప్పి ఉంటాడు. పాకిస్తాన్‌తో ఆ సిరీస్‌లో ఐదు టెస్టులూ డ్రా అయ్యాయంటే, ఓడకుండా ఉండడమే రెండు దేశాలకూ పరువు సమస్య అయిన రోజులవి. అయినా మెడలో రుమాలున్న మనిషి ముడుచుకుని ఆడడం వేరు, ముడుచుకోవడం తప్ప ఇంకోటి రాని మనిషి ఆడడం వేరు. జై తనకు వచ్చినదాన్ని జేబులో పెట్టుకుని తిరిగాడని నా ఊహ. ఎనిమిది గంటలపాటు దాన్ని బయటికి తీయకుండా ఉండగలగడం కూడా స్వేచ్ఛే కావచ్చు. మా ఆఫీసులో స్వేచ్ఛ అంటే శుక్రవారం సాయంత్రం. లేదంటే రాజీనామా పెట్టి గోవా వెళ్లి ఫోటోలు పెట్టడం. పనిలోంచి ఎప్పుడు బయటపడతామా అన్నదే లెక్క. పని నడుమ నిలబడి, నా వేగం నేను నిర్ణయించుకుంటాననడం మాకు తోచను కూడా తోచదు. రెండు వారాల స్ప్రింట్ దాన్ని ముందే నిర్ణయించేసి ఉంటుంది.

వేగం కావాల్సిన చోట జై వేగం చూపించాడు కూడా. 1968 జనవరిలో ఆస్ట్రేలియా పర్యటనలో గాయాలతో జట్టు పలచబడితే, ముందు ఎంపికే చేయని ఇతన్ని ఇక్కడి నుంచి పిలిపించారు. మా భాషలో ఆన్‌కాల్. ప్రయాణం బడలికైనా పూర్తిగా తీరకముందే బ్రిస్బేన్‌లో బ్యాటు పట్టి 74, 101 చేశాడు. 395 కొట్టాల్సిన చోట భారత్ 355 దాకా వెళ్లి, 39 పరుగుల తేడాతో ఓడింది. ఓడిన మ్యాచే. నాన్న మాత్రం ఇప్పటికీ దాన్ని గెలిచినట్టే చెబుతాడు.

కెప్టెన్సీ కథ ఇంకా విచిత్రం. పటౌడీ 21 ఏళ్లకే భారత కెప్టెనయ్యాడు. తరవాత ఆయన హైదరాబాద్ తరఫున రంజీ ఆడడానికి వచ్చాడు. ఇక్కడ కెప్టెన్ జై. అంటే దేశానికి నాయకుడు ఊళ్లోకొచ్చి, దేశానికి ఎప్పుడూ నాయకుడు కాని మనిషి చెప్పిన చోట నిలబడి ఫీల్డింగ్ చేశాడు. ఇద్దరూ ప్రాణస్నేహితులు. మా దగ్గర ప్రమోషన్ ఆరు నెలలు ఆలస్యమైతే మాటలు మానేసిన స్నేహితుల్ని చూశాను. దశాబ్దానికి పైగా హైదరాబాద్‌ను నడిపి కూడా జై రంజీ ట్రోఫీ ఎత్తలేదు. హైదరాబాద్ దాన్ని గెలిచింది రెండేసార్లు, 1937-38లో, 1986-87లో. ఒకటి అతను పుట్టకముందు, ఇంకోటి ఆట మానేశాక.

39 టెస్టులు, 2056 పరుగులు, మూడు సెంచరీలు, 30 పైచిలుకు సగటు. రేటింగ్ వేసే మేనేజర్ ముందు పెడితే 'అంచనాలను అందుకున్నాడు' అని ఒక గడిలో టిక్కు పెట్టి పంపేస్తాడు. అంత ప్రతిభను వృథా చేసుకున్నాడని బాధపడే పెద్దవాళ్లు ఉన్నారు. నాకు ఆ బాధ అంటదు. అలాగని అంతా ఆహా ఓహో అనను. ఆ రోజుల్లో క్రికెట్‌తో ఇల్లు గడిచేది కాదు. కడుపు నిండని వాడెవడూ సిల్కు రుమాలు కట్టుకోడు. గంటల లెక్కన జీతం తీసుకునే నేను, గంటల లెక్క లేని మనిషిని చూసి ముచ్చటపడడంలో కొంత అసూయ ఉంది, కొంత తెలివితక్కువతనమూ ఉంది.

ఒళ్లు కూడా తన లెక్క తను రాసుకుంటుంది. స్టేబ్లర్ 2015లో పెద్దపేగు కేన్సర్‌తో పోయాక అతని మెదడును పరీక్షించారు. తలకు ఏళ్ల తరబడి తగిలిన దెబ్బలతో వచ్చే జబ్బు బాగా ముదిరి ఉంది. మరుసటి ఏడాది హాల్ ఆఫ్ ఫేమ్‌లో పేరు చేరింది, మనిషి లేడు. రాత్రిళ్ల తిరుగుడు సంగతేమో గానీ, ఆ మెదడును పాడుచేసింది మాత్రం పగటి ఆటే. జై ఊపిరితిత్తుల కేన్సర్‌తో 1999 జూలై 6న పోయాడు. అరవై ఏళ్లు.

మాదాపూర్‌లో సైబర్ టవర్స్‌ను వాజ్‌పేయి ప్రారంభించింది 1998 నవంబరులో. జై పోవడానికి ఎనిమిది నెలల ముందు కూడా కాదు. ఊరికి ఆ చివర సైనిక్‌పురిలో ఒక మనిషి చివరి నెలలు గడుపుతుంటే, ఈ చివర రాళ్ల గుట్టల మధ్య గుండ్రటి అద్దాల భవనంలో లిఫ్టులు తిరగడం మొదలైంది. ఈ రెంటికీ సంబంధం లేదు. నేనే కలుపుకుంటున్నాను. ఆయనకు మాదాపూర్ అంటే రాళ్లూ దుర్గం చెరువూ అయి ఉంటాయి. ఆ చెరువు మీద ఇప్పుడు కేబుల్ బ్రిడ్జి రంగులు మారుస్తుంటే జనం సెల్ఫీలు దిగుతుంటారు.

గురువారాలు మా టీము కొండాపూర్‌లో వలకట్టిన టర్ఫ్ మీద బాక్స్ క్రికెట్ ఆడుతుంది. గంటకింత అని అద్దె, ఇన్నింగ్స్‌కి ఆరు ఓవర్లు. డాట్ బాల్ ఆడితే సొంతవాళ్లే తిడతారు. మొన్న నేను మొదటి ఓవరంతా కావాలనే అడ్డుకున్నాను. ఆరు బంతులు, సున్నా. మూడో బంతికి అరిచారు, ఐదో బంతికి నవ్వారు, ఆరో బంతికి నా మీద ఆశ వదిలేసి ఫోన్లు తీశారు. కాలరెత్తుకుందామంటే ఒంటి మీదున్నది కంపెనీ ఇచ్చిన రౌండ్ నెక్ టీషర్టు.

తిరిగొస్తూ క్వార్టర్‌బ్యాక్ అడిగిన కుర్రాడికి కాన్పూర్ కథ చెప్పాను. బండి సిగ్నల్ దగ్గర ఆపి, వేళ్ల మీద ఏదో లెక్కేశాడు.

"ఐదు వందల నిమిషాలంటే ఎనిమిది గంటల ఇరవై నిమిషాలు. అన్నా, టైమ్‌షీట్‌లో ఆ ఇరవై నిమిషాలు ఎక్కడ వేస్తరు?"