సీసాలో బంతి

నేనెప్పుడూ గోల్ఫ్ ఆడలేదు. అయినా ఒక గోల్ఫ్ ఆటగాడి కథ కొన్ని నెలలుగా నన్ను వదలడం లేదు.

1949లో ఇంగ్లండ్‌లోని శాండ్‌విచ్‌లో, రాయల్ సెయింట్ జార్జెస్ మైదానంలో బ్రిటిష్ ఓపెన్ జరిగింది. ఐర్లండ్ ఆటగాడు హ్యారీ బ్రాడ్‌షా మొదటి రౌండ్‌ని 68 షాట్లలో ముగించాడు. గోల్ఫ్‌లో ఎన్ని తక్కువ షాట్లు పడితే అంత మంచిది. రెండో రౌండ్, అయిదో హోల్. అతను కొట్టిన బంతి వెళ్ళి, ఎవరో తాగి పడేసిన పగిలిన బీరు సీసాలో ఇరుక్కుంది.

బంతి ఎక్కడ పడితే అక్కణ్ణుంచే ఆడాలి, ఇది గోల్ఫ్ మూలసూత్రం. మినహాయింపులు లేకపోలేదు. అధికారిని పిలిచి అడిగి ఉంటే బంతిని బయటికి తీసుకోనిచ్చేవారని చాలామంది అంటారు. బ్రాడ్‌షా ఎవరికోసమూ ఆగలేదు. గాజుముక్కలు పడకుండా కళ్ళు మూసుకుని సీసాతో సహా కొట్టాడు. సీసా బద్దలైంది, బంతి కొద్ది దూరమే వెళ్ళింది. ఆ హోల్‌కి ఆరు షాట్లు, ఆ రౌండ్‌కి 77. తర్వాత 68, 70. మొత్తం 283. దక్షిణాఫ్రికా ఆటగాడు బాబీ లాక్ స్కోరు కూడా సరిగ్గా 283. ఇద్దరి మధ్య 36 హోల్స్ ప్లేఆఫ్ పెడితే లాక్ 12 షాట్ల తేడాతో గెలిచాడు.

ఆ సీసా లేకపోతే ఛాంపియన్ బ్రాడ్‌షాయే కదా అని మొదట నాకూ అనిపించింది. కానీ లెక్క వేసి చూడండి. సీసా తర్వాత ఇంకా 49 హోల్స్ ఉన్నాయి. వాటిలో ఎక్కడ ఒక్క షాట్ తగ్గినా టై అయ్యేది కాదు. మరి 283 షాట్లలో మన కన్ను ఆ ఒక్కదాని మీదే ఎందుకు ఆగుతుంది? అందులో అతని తప్పు లేదు కాబట్టి. ఓటమికి కారణం వెతికేటప్పుడు మన చేతిలో లేనిదాన్నే ముందు ఏరుకుంటాం. అది అబద్ధం కాదు. అందుకే దాంతో చిక్కు.

ఈ విద్య నాకు బాగా వచ్చు. ఒకసారి అర్ధరాత్రి రిలీజ్‌లో మా సర్వీస్ నాలుగు గంటలు పడిపోయింది. కారణాల రిపోర్ట్ నేనే రాశాను: ఒక లైబ్రరీ వెర్షన్ మారింది, దానివల్ల స్క్రిప్ట్ ఫెయిలైంది. ప్రతి అక్షరమూ నిజమే. రాయనిది ఇంకోటి ఉంది. స్క్రిప్ట్ నడిపే ముందు నాకు అనుమానం వచ్చింది. సీనియర్‌కి ఫోన్ చేయొచ్చు. ఈమాత్రం కూడా తెలీదా అనుకుంటారని చేయలేదు. ఆ లైబ్రరీని అప్‌డేట్ చేసింది టీమ్‌లో కొత్తగా చేరిన అబ్బాయి. అతని పేరు నేను రాయలేదు. రాయక్కర్లేదు, అందరికీ తెలుసు.

బ్రాడ్‌షా అడగలేదు, నేనూ అడగలేదు. తేడా ఏమిటంటే, అనుమానం వచ్చినప్పుడు అతను తనకి నష్టమైన వైపు మొగ్గాడు. నేను నా పరువు వైపు మొగ్గాను. అలాగని అతను చేసింది గొప్ప త్యాగం అనను. ఆగి అడిగి ఉంటే అదీ నిజాయితీయే. నియమం ఇచ్చేది తీసుకోవడం మోసం కాదు. తనకి తాను నష్టం చేసుకోవడమే నీతి అంటే నేను ఒప్పుకోను. బహుశా అతను తొందరపడ్డాడు. నాకు నచ్చేది ఆ తర్వాతి సంగతి: తొందర అతనిది, ఆ ఆరు కూడా అతని కార్డు మీదే పడింది. ఇంకెవరూ మోయలేదు.

అతని జీవితం ఆ సీసా దగ్గర ఆగిపోలేదు కూడా. అదే ఏడాది ఐరిష్ ఓపెన్ గెలిచాడు. ఐరిష్ పీజీఏ ఛాంపియన్‌షిప్ మొత్తం పదిసార్లు గెలిచాడు. మూడు రైడర్ కప్‌లు ఆడాడు. 1958లో మెక్సికో సిటీలో క్రిస్టీ ఓకానర్‌తో కలిసి ఐర్లండ్‌కి కెనడా కప్ తెచ్చాడు. అక్కడ వ్యక్తిగత పోటీలోనూ టై అయి, ప్లేఆఫ్‌లో స్పెయిన్ ఆటగాడు ఆంహెల్ మిగెల్ చేతిలో ఓడాడు. అక్కడ ఏ సీసా లేదు. అందుకేనేమో ఆ ఓటమి గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు.

మొన్న ఆ పాత రిపోర్ట్ తెరిచి, ఫోన్ చేయని సంగతి రెండు వాక్యాల్లో చేర్చాను. ఇప్పుడు దాన్ని ఎవరూ చదవరని తెలుసు. అందుకే ఆ అబ్బాయికి విడిగా చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "పర్లేదన్నా, ఎప్పుడో అయిపోయింది కదా" అన్నాడు.

అయిపోయింది నాకు. అతనికి అప్పుడే అయిపోయిందా అని అడగడానికి నాకు నోరు రాలేదు.