విద్యుద్వాహనము – శుద్ధి విచారము

రెండేండ్ల క్రిందట నేనొక విద్యుత్తు స్కూటరు కొంటిని. పాఠశాలకు పోయి వచ్చుటకు దినమునకు ఇరువది కిలోమీటర్లు. పొగ లేదు, చప్పుడు లేదు, పెట్రోలు బంకు ముందు వరుసలో నిలుచుట లేదు. కొంత గర్వము కూడ కలిగెనని దాచక చెప్పెదను. ఒకనాడు తొమ్మిదవ తరగతిలో పర్యావరణమును గూర్చిన పాఠము చెప్పుచు ఆ బండినే దృష్టాంతముగా చూపి, "ఇది యెవరికిని హాని చేయని వాహనము" అంటిని. అప్పుడు వెనుక బెంచీలో నొక బాలుడు లేచి ఇట్లడిగెను: "సార్, ఎండాకాలం మా అమ్మమ్మ మిద్దె మీద వడియాలు పెట్టదు. పెడితే బూడిద పడుతుంది. ఆ కరెంటే మనకు వస్తదంట, నిజమేనా?" ఆ వృద్ధురాలిది బొగ్గుతో నడచు విద్యుత్కేంద్రమునకు సమీపమున నున్న యొక పల్లె. "రేపు చెప్పెదను" అని నేను పాఠము ముగించితిని.

ఆ రేపు వచ్చుటకు నెలలు పట్టినది. ఉపాధ్యాయునకు జవాబు తెలియకుండుట దోషము కాదు. తెలిసికొన దలపకుండుట దోషము. చదివి, అడిగి, లెక్క వేసి నేను గ్రహించిన దానిని పాఠక మహాశయుల ముందుంచుచున్నాను. ఈ ప్రశ్న యంత్రమును గూర్చినదివలె కనబడును గాని, నిజమునకు ధర్మమును గూర్చినది. నా వాకిట పొగ లేకుండుటకై మరియొకరి వాకిట బూడిద పడుచున్నచో, నేను శుచిగా నున్నానని చెప్పుకొనవచ్చునా?

పన్నెండవ శతాబ్దమున కల్యాణమున బసవాది శరణులు శుద్ధిని గూర్చి బోధించునపుడు అంతరంగ శుద్ధి, బహిరంగ శుద్ధి యని రెండు మాటలు చెప్పిరి. శరీరమును కడుగుకొన్నంత మాత్రమున మనిషి శుద్ధుడు కాడనియు, అతని నడవడియే అతని శుద్ధి యనియు వారి భావము. వాహనమునకును ఈ రెండును కలవని నాకు తోచుచున్నది. పొగగొట్టము లేకుండుట దాని బహిరంగ శుద్ధి. దానికి తగిలించిన తీగ యావలి కొన యెక్కడ నున్నదో, అక్కడ ఏమి జరుగుచున్నదో, అది దాని అంతరంగము. కావున ఆ తీగ వెంబడి ఒకసారి వెనుకకు నడచి చూతము.

మన దేశమున ఉత్పత్తి యగు విద్యుత్తులో ఇటీవలి సంవత్సరములలో నాలుగింట మూడు పాళ్లకు దగ్గరగా బొగ్గునుండియే వచ్చుచున్నది. గోదావరి తీరమున రామగుండములో 1983లో మొదటి యంత్రము తిరుగ నారంభించి, క్రమముగా అది 2600 మెగావాట్ల కేంద్రమైనది. కృష్ణా తీరమున ఇబ్రహీంపట్నము, కడప జిల్లాలో ముద్దనూరు సమీపమునగల రాయలసీమ కేంద్రము, నల్లగొండ జిల్లా దామరచర్ల మండలములో 4000 మెగావాట్ల సామర్థ్యముతో తలపెట్టిన యాదాద్రి కేంద్రము – ఇవన్నియు బొగ్గును మండించునవియే. ఒక యూనిట్ విద్యుత్తు పుట్టుటకు ఇంచుమించు 650 నుండి 700 గ్రాముల బొగ్గు కావలెను. మన బొగ్గులో బూడిద హెచ్చు. నూటికి ముప్పది నుండి నలువది పాళ్లు బూడిదయే మిగులును.

నా స్కూటరు నూరు కిలోమీటర్లు నడచుటకు మూడు యూనిట్లు తీసికొనును. తీగలలోను, బ్యాటరీ నింపుటలోను పోవు నష్టమును కలిపినచో నాలుగు. నెలకు నేను తిరుగు అయిదువందల కిలోమీటర్లకు ఇరువది యూనిట్లు. ఇందులో బొగ్గువలన వచ్చు భాగమును మాత్రమే లెక్కించినను, నెలకు పది కిలోల బొగ్గు మండి, మూడు కిలోలకు పైగా బూడిద నా పేర ఎక్కడనో పోగగుచున్నది. అందులో చాల భాగమును యంత్రములు గాలిలోనికి పోకుండ పట్టి నిలుపును. కొంత సిమెంటునకును, ఇటుకలకును పోవును. మిగిలినది బూడిద చెరువులలో చేరును. చెరువు ఎండి వైశాఖమాసపు గాలి లేచినప్పుడు అది యెవరి మిద్దె మీద పడునో ఆ బాలుడు నాకు ముందే చెప్పియున్నాడు.

అట్లయిన పెట్రోలు బండియే మేలా? తొందరపడరాదు, లెక్క చూతము. ఒక లీటరు పెట్రోలు కాలినచో సుమారు 2.3 కిలోల బొగ్గుపులుసు వాయువు వెలువడును. లీటరుకు 45 కిలోమీటర్లు పోవు స్కూటరు నూరు కిలోమీటర్లకు అయిదు కిలోల వాయువును వదలును. మన దేశపు విద్యుత్తులో సగటున యూనిట్‌కు సుమారు 0.7 కిలో వాయువు ఇమిడియున్నది. కావున విద్యుత్తు స్కూటరునకు నాలుగు యూనిట్లకు 2.8 కిలోలు. పెట్రోలు బండితో పోల్చినచో ఇది దాదాపు సగము. ఇంతవరకు సంతోషమే.

ఇప్పుడు కార్ల సంగతి చూడుడు. లీటరుకు 18 కిలోమీటర్లు పోవు చిన్న పెట్రోలు కారు నూరు కిలోమీటర్లకు 13 కిలోల వాయువును వదలును. బరువైన పెద్ద విద్యుత్తు కారు నష్టములతో కలిపి ఇరువది యూనిట్లు తీసికొన్నచో 14 కిలోలగును. ఈ అంకెలు బండిని బట్టియు, నడుపు తీరును బట్టియు మారవచ్చును. పెట్రోలు లెక్కలో చమురు బావి, శుద్ధి కర్మాగారముల ఖర్చును గాని, విద్యుత్తు లెక్కలో బ్యాటరీ తయారీ ఖర్చును గాని నేను చేర్చలేదు. అయినను ఒక సంగతి స్పష్టము. ఏ ఇంధనముతో నడచుచున్నది అనునదే కాక, ఎంత పెద్ద బండి, ఎందరిని మోయుచున్నది, ఎందుకు పోవుచున్నది అను ప్రశ్నలును అంతే ముఖ్యములు. ఒక్క మనిషిని మోయుటకు రెండు టన్నుల ఇనుమును కదలించినచో, తీగ తగిలించినను అది మితము కాజాలదు.

విద్యుత్తు బండికి మరి రెండు సుగుణములు కలవు. పాఠశాల గేటు ముందు నిలుచు పిల్లల ముక్కులకు దాని పొగ తగులదు. రెండవది, పెట్రోలు యంత్రము ఏండ్లు గడచిన కొలది పాడగునే గాని బాగుపడదు. తీగలో వచ్చు విద్యుత్తులో సూర్యుని పాలు, గాలి పాలు పెరిగిన కొలది పాత విద్యుత్తు బండి సైతము శుభ్రపడుచు పోవును.

అట్లయిన బొగ్గును విడిచి నీటిని ఆశ్రయించిన సరిపోవునని యెవరైన అనవచ్చును. శ్రీశైల మల్లికార్జునుని పాదముల చెంతనే కృష్ణపై ఆనకట్ట కట్టి, కుడిగట్టున 770, ఎడమగట్టున 900 మెగావాట్ల కేంద్రములు నెలకొల్పినారు. అందు బొగ్గు లేదు, బూడిద లేదు. కాని 1981 ప్రాంతమున ఆ జలాశయము క్రింద కర్నూలు, మహబూబునగరు జిల్లాలలో నూరు వరకు గ్రామములు ఖాళీ యయ్యెను. కూడవెల్లి సంగమేశ్వరాలయమును రాయి రాయిగా విప్పి అలంపురమునకు తరలించిరి. వేపదారు లింగమునకు ప్రసిద్ధి చెందిన సంగమేశ్వరము ఏటిలో అధిక భాగము నీటిలోనే యుండి, వేసవిలో నీరు తగ్గినప్పుడు మాత్రమే దర్శనమిచ్చుచున్నది. దేవాలయమైనను ఏటికొకసారి పైకి వచ్చును; మునిగిన ఇండ్లు, పొలములు రావు. మన ఇంట వెలుగు దీపమునకు ఆ కుటుంబములు తమ ఊరినే చమురుగా పోసినవి.

సూర్యుని శక్తి మాటయు చూడవలెను. సిద్ధగంగా మఠము వెలసిన తుమకూరు జిల్లాలోనే, తెలుగు మాటాడు జనులు మెండుగా గల పావగడ ప్రాంతమున, సుమారు 13,000 ఎకరములలో 2050 మెగావాట్ల సౌర విద్యుత్ క్షేత్రము కలదు. ఆ నేల కరవు నేల. రైతులనుండి భూమిని కొనక కౌలునకు తీసికొనుట మంచి పద్ధతియే. భూమి గలవానికి ఏటేట కౌలు ముట్టును. కాని ఆ పొలములలో కలుపు తీసి బ్రతికిన భూమి లేని కూలికి, ఆ బీళ్లలో గొర్రెలు మేపుకొన్న కాపరికి కౌలు పత్రములో చోటు లేదు. పలకల మీద ధూళి తుడుచు పని కొందరికే దొరకును.

ఇక బ్యాటరీ. ప్రపంచమున త్రవ్వు కోబాల్టులో సగమునకు మించినది ఆఫ్రికా ఖండమునందలి కాంగో దేశమునుండి వచ్చుచున్నది. అక్కడ చేతి పనిముట్లతో త్రవ్వు గనులలో చిన్నపిల్లలు సైతము పనిచేయుచున్నారని ఆమ్నెస్టీ సంస్థ 2016లో వెల్లడించెను. చిలీ దేశమున అటకామా ఎడారిలో భూగర్భమునుండి ఉప్పునీటిని తోడి, ఎండలో ఇగిర్చి, లిథియమును తీయుచున్నారు. నీటి చుక్క అపురూపమైన సీమలో అక్కడి మూలవాసులు ఆ తోడుడును గూర్చి ఆందోళన చెందుచున్నారు. కోబాల్టు అవసరము లేని లిథియం ఐరన్ ఫాస్ఫేటు బ్యాటరీలు నేడు విరివిగా వచ్చుచున్నవి. ఇది శుభ పరిణామము. బండి కొనునపుడు రంగును, వేగమును అడుగు మనము బ్యాటరీ ఏ రకమని కూడ అడుగవచ్చును గదా!

ఇన్ని చెప్పిన పిమ్మట పాఠకులు రెండు విధములుగా తలపవచ్చును. "అన్నింటను దోషమే యున్నది, కావున ఏది వాడిననేమి?" అనుట ఒకటి. ఇది తప్పు. రూపాయి అప్పును, వంద అప్పును ఒక్కటే యనువాడు అప్పు తీర్చదలచిన వాడు కాడు. "నేను విద్యుత్తు బండి కొంటిని, నా ధర్మము తీరినది" అనుట రెండవది. ఇదియు తప్పే, నేను తరగతిలో చేసిన తప్పు ఇదియే. మొదటిది సోమరి వైరాగ్యము, రెండవది సులభముగా దొరకిన పుణ్యము. ఈ రెంటికి నడుమ ఋణమును ఒప్పుకొనుట యను మార్గము కలదు.

కాయకము, దాసోహము అని మన పెద్దలు జంటగా చెప్పిన మాటల సారమిదియే. శ్రమచేసి ఆర్జించుట ఒక సగము. తీసికొన్నదానిని సమాజమునకు తిరిగి సమర్పించుట రెండవ సగము. విద్యుత్తు నేను పైకము చెల్లించి కొన్నదే కావచ్చును. కాని బూడిద పడిన మిద్దె వెల, మునిగిన ఊరి వెల, కాంగో బాలుని బాల్యపు వెల నాకు వచ్చు బిల్లులో లేవు. బిల్లులో లేని బాకీయే నిజమైన బాకీ. దానిని తీర్చు ఉపాయములు కొన్ని మన చేతిలోనే యున్నవి.

మొదటిది, కావలసినంత బండి, కావలసినంత ప్రయాణము. నడచి పోగల చోటికి నడచుట, బస్సు గల చోటికి బస్సులో పోవుట ఏ బండికంటెను మేలు. రెండవది వేళ. సాయంకాలము ఆరునుండి పది వరకు ఇండ్లలో దీపములు, పంకాలు, చల్లదనపు యంత్రములు అన్నియు ఒక్కమారు నడచును, సూర్యుడప్పటికి అస్తమించును. ఆ కొరతను బొగ్గే అధికముగా తీర్చవలసియుండును. మనము ఇల్లు చేరి బండికి తీగ తగిలించునది సరిగా ఆ వేళకే. పగలు పదింటినుండి మూడింటిలోపల నింపుకొన్నచో అందు సూర్యుని పాలు హెచ్చుగా నుండును. మూడవది పైకప్పు. ఒక కిలోవాటు సౌరపలకలు దినమునకు సగటున నాలుగు యూనిట్లిచ్చును. నా బండికి నెలకు కావలసిన ఇరువది యూనిట్లు అయిదు దినముల యెండయే. 2024 ఫిబ్రవరిలో ప్రారంభమైన సూర్యఘర్ పథకము క్రింద ప్రభుత్వము ఇండ్లకు రాయితీ ఇచ్చుచున్నది. మన మఠములకు, వాటి పాఠశాలలకు, విద్యార్థి నిలయములకు విశాలమైన పైకప్పులు కలవు. ఆ మిద్దెల మీద వెలసిన పలకలు ఏ రైతు భూమిని అడుగవు, ఏ ఊరిని ముంచవు.

నాల్గవది, బ్యాటరీ ఆయుష్షు తీరినపుడు దానిని వీధిలో పాత సామాను కొనువానికి అమ్మరాదు. 2022లో వచ్చిన నియమముల ప్రకారము వాడిన బ్యాటరీని తిరిగి సేకరించు బాధ్యత తయారుచేసిన వారిదే. ఆ బాధ్యతను వారిచేత నెరవేర్పించుట కొనినవాని ధర్మము.

అయిదవది అన్నింటికంటె కష్టమైనది: నోరు తెరచి అడుగుట. బొగ్గు కేంద్రముల పొగలోని గంధక వాయువునకు కేంద్ర ప్రభుత్వము 2015 డిసెంబరులో పరిమితి విధించెను. రెండేండ్లలో అమలు కావలసిన ఆ నియమము గడువు వెంట గడువుగా వెనుకకు జరిగి, 2025 జూలైలో అధిక సంఖ్యాకములైన కేంద్రములకు మినహాయింపు లభించెను. మన బొగ్గులో గంధకము తక్కువ యనియు, యంత్రములకు ఖర్చు హెచ్చనియు వాదము. ఆ ఖర్చు పడినచో యూనిట్ ధర కొంత పెరుగునేమో! ఆ పెంపును భరించుటకు నేను సిద్ధముగా నున్నానా యని నన్ను నేను ప్రశ్నించుకొంటిని. ఉన్నాననుటకు మొదట మనసు తడబడినది. మిద్దె మీద వడియములు పెట్టుకొనలేని ఆ అవ్వ, చెల్లించవలసిన నా వంతును ఇన్నాళ్లుగా తాను చెల్లించుచున్నదని గుర్తు వచ్చిన పిమ్మట తడబాటు తీరినది.

ఆ తరగతి పిల్లలు ఇప్పుడు పదవ తరగతిలో నున్నారు. మొన్న వారికి ఈ లెక్కలన్నియు నల్లబల్లమీద వేసి చూపితిని. ఆ బాలునితో, "నాయనా, నీవడిగినది నిజమే. కరెంటు మనకే వచ్చుచున్నది. బూడిదయు మనదే, మీ అమ్మమ్మగారి ఇంట పడుచున్నది, అంతే. ఆనాడు నేను చెప్పినది తప్పు" అంటిని. వాడు సిగ్గుపడి కూర్చుండెను. ఆదివారము మధ్యాహ్నమున ఇప్పుడు నా బండి ఎండవేళ విద్యుత్తుతో నిండుచున్నది. బాకీ ఇంకను చాల యున్నది. పాఠకులు తమ తమ ఇండ్లలోను, మఠముల మాస గోష్ఠులలోను ఈ ప్రశ్నను చర్చించి, తమ తీగ యావలి కొనను ఒకసారి తలచుకొందురని ఆశించుచున్నాను.